ఓదెమ్మ నిలదీసిన దేవుడు

తొర్రూరు చుట్టుపక్కల ఓదెమ్మతో కలిసి కూలికి పోయిన ఏ ఆడమనిషిని అడిగినా ముందు ఆమె నోటి సంగతే చెబుతుంది. రేషన్ షాపు వరుసలో ఎవరైనా మధ్యలో దూరినా, బస్సులో కండక్టర్ కసిరినా, పొలం గట్టు మీద గొడుగు కింద నిలబడి ఎవరైనా తొందరపెట్టినా అందరికంటే ముందు లేచేది ఆమె గొంతే. ఆ గొంతు తగ్గేది ఒక్క మనిషి దగ్గర. ఆమె చెల్లెలు నర్సమ్మ.

అక్కచెల్లెళ్లిద్దరూ పుట్టింది జఫర్‌గఢ్ దగ్గరి పల్లెలో. తల్లి ఓదెల మల్లన్నకు మొక్కుకుంటే పుట్టిందని పెద్దదానికి ఓదెమ్మ అని పేరు పెట్టారు. నర్సమ్మ నడక నేర్వకముందే తల్లి పోయింది. అప్పటినుంచి చెల్లెల్ని చంకన వేసుకుని పెంచింది ఓదెమ్మే. నర్సమ్మను తొర్రూరు దగ్గరి ఊళ్లో గట్టయ్యకు ఇచ్చి చేశారు. ఓదెమ్మ భర్త పెళ్లయిన కొన్నాళ్లకే పాము కరిచి చనిపోయాడు. పిల్లలు లేరు. అత్తగారింట్లో ఆమెకు అన్నం పెట్టడానికి అందరూ లెక్కలు చూసుకుంటున్నారని తెలిసి నర్సమ్మ బస్సెక్కి వచ్చింది. "మా అక్క నా దగ్గర్నే ఉంటది" అని చెప్పి, బట్టల మూట తనే నెత్తిన పెట్టుకుని అక్కను వెంట తీసుకుపోయింది. అప్పటినుంచి ఇద్దరిదీ ఒకటే పొయ్యి. ఇద్దరూ రోజూ కొట్లాడుకునేవాళ్లు. పప్పులో ఉప్పు గురించి, ఎండబెట్టిన చింతపండు గురించి, ఏమీ లేకపోతే మాటిమాటికీ అడ్డం వచ్చే కోడి గురించి. గట్టయ్య నడుమ మాట్లాడితే ఇద్దరూ కలిసి అతని మీద పడేవాళ్లు.

నర్సమ్మ యేసు ప్రభువును నమ్ముకున్నది పాటల వల్ల. వాడ చివర రేకుల చర్చిలో ఆడవాళ్లు పాడుతుంటే విని, మొదట బయట నిలబడి, తర్వాత గడప దగ్గర కూర్చుని, చివరికి ముందు వరుసలోకి చేరింది. ఆమె గొంతు పెద్దది, నిండైనది. పాలకుర్తి నుంచి ఆదివారం ఆదివారం బండి మీద వచ్చే పాస్టర్ సంజీవ కూడా పాట ఎత్తుకోవాలంటే నర్సమ్మ వైపే చూసేవాడు. ఓదెమ్మ మాత్రం తలుపు పక్కనే కూర్చునేది. ప్రసంగం పొడుగైతే లేచి ఇంటికి పోయి అన్నం వండేది. బాప్తిస్మం కూడా చెల్లెలి పోరు పడలేకే తీసుకుంది.

"నువ్వు మునుగకపోతే పరలోకంల నాకు కొట్లాటకు ఎవలు దొరుకుతరే అక్కా?" అని అడిగింది నర్సమ్మ.

చెరువు గట్టు మీద పాస్టర్ కొత్త పేరు పెడతానంటే ఓదెమ్మ ఒప్పుకోలేదు. "మా అవ్వ మొక్కుకోని పెట్టిన పేరు అయ్యగారూ. నా పేరుకు దేవునికి నోరు తిరగదా?" అంది. ఓదెమ్మగానే మునిగి, ఓదెమ్మగానే లేచింది.

ఆ ఊళ్లో మిరప తోటల్లో పెద్దవన్నీ లక్ష్మీకాంత్‌వి. తండ్రి కాలం నుంచి భూములు, తొర్రూరులో ఎరువుల దుకాణం, మండలంలో పలుకుబడి. గట్టయ్య ఆయన పొలమే కౌలుకు చేసేవాడు. చర్చి లేచిన జాగా ఆయన తండ్రి నోటిమాటగా ఇచ్చిందే. మిర్చి ఏరే రోజుల్లో వాడలోని ఆడవాళ్లందరినీ ఆయన ట్రాక్టరే వచ్చి ఎక్కించుకుపోయేది. దాన్ని నడిపేది పక్క తండా పిల్లవాడు బాల్‌సింగ్. మాట తక్కువ మనిషి. ముసలివాళ్లు ట్రాలీ ఎక్కేటప్పుడు దిగి వచ్చి చెయ్యి అందించేవాడు.

ఒకరోజు తోట దగ్గర అందరూ అన్నం తింటుండగా బాల్‌సింగ్ లక్ష్మీకాంత్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పటేలా, ట్రాక్టర్‌కు ట్రాలీని కలిపే పిన్ను అరిగిపోయింది. తీగ కట్టి నడుపుతాన. కాలువ కట్ట ఎక్కేటప్పుడు గుంజుతాంది. మార్చాలె."

"సీజన్ నడుస్తాంది కదరా. మిర్చి అయిపోయినంక మొత్తం బండినే షెడ్డుకు తోలుదాం. అప్పటిదాంక జర పైలంగ నడుపు."

ఓదెమ్మ ముద్ద చేతిలో పట్టుకునే లేచింది. "మమ్ములను మిర్చి బస్తాలనుకున్నవా పటేలా? ఇయ్యాల్లనే మార్పియ్యి!"

లక్ష్మీకాంత్ నవ్వాడు. "ఓదెమ్మ ఒర్రకుంటే నా తోటల పొద్దే పోదు" అన్నాడు. అందరూ నవ్వారు. నర్సమ్మ అక్క చెంగు పట్టి కూర్చోబెట్టింది.

ఆ వారంలోనే జరిగింది. యాసంగి పంటకు కాలువ నిండుగా పారుతోంది. పొద్దున్నే ట్రాక్టర్ కట్ట ఎక్కుతుండగా ముందు టక్కుమని చప్పుడైంది. ట్రాక్టర్ ముందుకు పోయింది. ట్రాలీ వెనక్కి జారింది. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఓదెమ్మ, నర్సమ్మ ఆ క్షణం దాకా తొక్కు డబ్బా మూత సరిగ్గా పెట్టలేదని కొట్లాడుకుంటున్నారు. ట్రాలీ కట్ట మీంచి ఒరిగి కాలువలో బోర్లా పడింది. ఓదెమ్మ గట్టు రాళ్ల మీదికి విసిరినట్టు పడింది. భుజం దగ్గర ఎముక విరిగింది. నర్సమ్మ ట్రాలీ కింద, నీళ్లలో. "యేసయ్యా" అని ఒక్క కేక వినబడింది. ఆ గొంతు ఎవరిదో ఓదెమ్మకు ఎవరూ చెప్పక్కర్లేదు.

బాల్‌సింగ్ ట్రాక్టర్ మీంచి దూకి నీళ్లలో దిగాడు. కొట్టుకుపోతున్న వాళ్లను చీరలు పట్టి, జుట్టు పట్టి, దొరికిందల్లా పట్టి బయటికి లాగాడు. నర్సమ్మను మాత్రం అతని వల్ల కాలేదు. ఊరి మగవాళ్లు పరుగెత్తుకొచ్చి ట్రాలీ లేపేసరికి ఆమె పోయింది. మిగిలినవాళ్లు గాయాలతో బతికారు. వచ్చిన మగవాళ్లలో లక్ష్మీకాంత్ మనుషులు బాల్‌సింగ్‌ను గట్టు మీదే కొట్టారు. సాయంత్రానికల్లా ఊరంతా ఒకే మాట తిరిగింది: డ్రైవర్ తాగి నడిపాడు. పోలీసులు అతన్ని తీసుకుపోయారు.

నర్సమ్మను పాతిపెట్టడానికి లక్ష్మీకాంత్ వరంగల్ నుంచి పెట్టె తెప్పించాడు. నున్నగా పాలిష్ పెట్టిన, ఇత్తడి పిడులు ఉన్న పెట్టె. అలాంటిది ఆ వాడ ఎప్పుడూ చూడలేదు. "పటేలు మనసు పెద్దది" అని ముసలివాళ్లు అనుకున్నారు. ఆయన చర్చి ముందు చేతిరుమాలు కళ్లకద్దుకుంటూ నిలబడ్డాడు.

పాస్టర్ సంజీవ చెడ్డవాడు కాదు. ఎవరి మనసూ నొప్పించకూడదనుకునే మనిషి. పెట్టె పక్కన నిలబడి ఇలా అన్నాడు. "మన సహోదరిని దేవుడు తన తోటలోకి పువ్వును కోసుకున్నట్టు కోసుకున్నాడు. ఇది ఆయన చిత్తం. ఆయన చిత్తాన్ని మనం ప్రశ్నించరాదు."

మెడకు కట్టిన గుడ్డలో చెయ్యి వేలాడుతుండగా ఓదెమ్మ లేచి నిలబడింది.

"దేవుడు కొయ్యలే అయ్యగారూ. తీగ తెగింది. పిన్ను మార్చమని గా పోరడు చెప్పిండు, నేను చెప్పిన. మార్చలే. లక్ష్మీకాంత్ చేసిన పని దేవుని మీద ఎందుకు ఏస్తున్నవ్?"

ఆమె పెట్టె మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టింది.

"పిన్ను కొననోడు పెట్టె కొన్నడు. సూడున్రి, అందరు మంచిగ సూడున్రి!"

గట్టయ్య వచ్చి ఆమెను పట్టుకున్నాడు. "వదినె, నీ కాల్మొక్కుత, ఊకో" అని ఏడ్చాడు. లక్ష్మీకాంత్ రుమాలు జేబులో పెట్టుకుని కారెక్కాడు. దుఃఖంలో ఏదో అంది అని ఊరు సర్దిచెప్పుకుంది.

గట్టయ్య భయం గట్టయ్యది. పెళ్లాం పోయింది, పొలం కూడా పోతే ఎట్లా అని అతను రోజూ లోపల్లోపలే నలిగేవాడు. "నువ్వు టేషన్‌ల ఏమన్న చెప్తే మనం ఈ ఊళ్లె బతకం వదినె" అనేవాడు. ఓదెమ్మ కంచంలో అన్నం పెట్టి, ఎత్తి పడేసినట్టు ముందు పెట్టేది.

చర్చికి పోవడం మానేసింది. కానీ రోజూ పొద్దున్నే నర్సమ్మ ప్రార్థన చేసుకునే పొయ్యి పక్కనే కూర్చుని దేవుడితో కొట్లాట పెట్టుకునేది. గొంతు తగ్గించి మాట్లాడటం ఆమెకు చిన్నప్పటినుంచీ రాదు. గోడ అవతలి వాళ్లకు అంతా వినబడేది.

"నీకు ఇన్నేండ్లు పాటలు పాడిందే! ఎండల పాడింది, జ్వరంల పాడింది. నిన్ను పిలిచింది గదనయ్యా! నేను గట్టు మీద పడి ఇన్న. నాకు ఇనవడ్డది నీకు ఇనవడలేదా? చెవులకు ఏమొచ్చింది నీకు? నన్ను తీస్కపోతే ఎవలు ఏడ్చేటోల్లు? నన్నెందుకు ఇడిచిపెట్టినవ్? చెప్పు!"

జవాబు రాలేదు. ఆమె మళ్లీ మర్నాడు అడిగింది. ప్రార్థన కూటాలకు వచ్చే ఆడవాళ్లు వచ్చి, "దేవుని గట్ల అనొద్దక్కా, పాపం తాకుతది" అన్నారు. "తాకితే తాకనియ్యిన్రి. ఇంతకన్న పెద్దది ఏం తాకుతది నాకు?" అని వాళ్లను వాకిట్లోంచే పంపేసింది. అన్ని రోజుల్లో ఆమె కంటి నుంచి ఒక్క చుక్క రాలేదు. అన్నం దిగేది కాదు.

ఒక మధ్యాహ్నం బాల్‌సింగ్ తల్లి సక్రి తండా నుంచి నడిచి వచ్చింది. గుమ్మం దగ్గర కూర్చుని, చేతులు జోడించింది.

"ఓదెమ్మక్కా, నా కొడుకు తాగలె. నీకెర్కే. ఎవలు చెప్తలేరు. నువ్వన్న చెప్పు."

ఓదెమ్మకు నిజంగానే ఎరుకే. ఆ పొద్దున బాల్‌సింగ్ వాళ్లతో పాటే నిలబడి చాయ్ తాగాడు. అయినా ఆమె చీపురు పట్టుకుని లేచింది.

"పిన్ను పోయిందని తెల్సి ఎందుకు నడిపిండు నీ కొడుకు? నడుపనని ఎందుకు అనలే? మా చెల్లెను సంపి, మల్ల నన్నే సాచ్చెం చెప్పమంటాన్రా? పో! నా గడప తొక్కకు!"

సక్రి లేచి నిలబడింది. "నడుపకుంటే పనికెల్లి తీసేత్తరని నడిపిండక్కా" అని మాత్రం అంది. చెంగుతో ముఖం తుడుచుకుని, వచ్చిన దారినే ఎండలో పోయింది. ఆమె మలుపు తిరిగేదాకా ఓదెమ్మ అలాగే చూస్తూ నిలబడి, తర్వాత చీపురును గోడకేసి కొట్టింది. ఎవరి మీద కోపమో ఆ క్షణాన ఆమెకే తెలియలేదు.

పాస్టర్ భార్య మనోరమ అప్పటిదాకా ఆ ఇంటికి రాలేదు. వచ్చిన రోజు ప్రార్థన చేద్దామనలేదు. ఓదెమ్మ చింతపండు గింజ తీస్తుంటే ఎదురుగా చాప మీద కూర్చుని తనూ తీయడం మొదలుపెట్టింది. కొన్ని గింజలు తీశాక అంది.

"ఆ దినం మా ఆయన చెప్పింది తప్పక్కా. ఇంటికి పోయినంక నేను గదే అన్న."

ఓదెమ్మ తల ఎత్తింది. "మరి ఆయనేమన్నడు?"

"ఏమనలే. అన్నం తినకుండ పండుకున్నడు."

ఇంకాసేపు గింజలు తీశారు. "నేను దేవుని తిడుతున్ననని నీకు చెప్పిన్రా అమ్మగారూ?" అని ఓదెమ్మే అడిగింది.

"చెప్పిన్రు. నీకన్న ముందు ఒకామె తిట్టింది. ఇద్దరు అక్కచెల్లెండ్లు, వాళ్ల తమ్మునికి పానం బాగలేకపోతే ప్రభువుకు కబురు పంపిన్రు. ఆయన జెప్పన రాలే. తమ్ముడు సచ్చి, సమాధిల పెట్టినంక వచ్చిండు. పెద్దామె తొవ్వలకే ఎదురువోయింది. నువ్వు ఈడ ఉంటే మావోడు సచ్చేటోడు కాదని మొకం మీదనే అన్నది."

"మంచిగడిగింది" అంది ఓదెమ్మ. చేతులు ఆగిపోయాయి. "ఆయనకు కోపం రాలేదా? పాపం తాకుతదనలేదా?"

"రాలే. వాళ్లందరు ఏడుస్తాంటే సూసి, ఆయన గూడ ఏడ్చిండు."

"దేవుడు ఏడ్సుడేంది?"

"ఏడ్చిండక్కా. అందరు సూస్తుండంగ ఏడ్చిండు."

ఓదెమ్మ చేతిలోని గింజలు పక్కన పెట్టింది. "వాళ్ల తమ్ముని లేపిండు కావచ్చు. నా చెల్లెను లేపుతడా?"

"ఇప్పుడైతే లేపడు" అంది మనోరమ. "నీకు అబద్దం చెప్పి నేనేం చేసుకుంట? ఆఖరు దినాన లేపుతడని నేను నమ్ముత. గంతే నాకు తెల్సింది."

ఇన్నాళ్లూ వచ్చిన వాళ్లందరూ దేవుడు పైన కూర్చుని ఏదో మంచికే చేశాడన్నారు. ఈమె ఒక్కతే ఆయన కిందికి వచ్చి ఏడ్చాడని చెప్పింది. ఓదెమ్మకు కాలువ గట్టు కళ్లముందు మెదిలింది. ఆ గట్టు మీద తను ఒంటరిగా లేదేమో, తను రాళ్ల మీద పడి అరుస్తున్నప్పుడు ఆయన కూడా తడిబట్టలతో అక్కడే కూర్చుని ఏడ్చాడేమో అనిపించింది. ముందు భుజాలు కదిలాయి. తర్వాత ఏడుపు తన్నుకొచ్చింది. చింతపండు చేతులతోనే ముఖం కప్పుకుని, చెల్లెలి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది. మనోరమ ఊకోమనలేదు. ఆ సాయంత్రం ఓదెమ్మ కడుపునిండా అన్నం తింది.

కోపం మాత్రం పోలేదు. అప్పటిదాకా నలువైపులా తగిలిన ఆ కోపానికి ఇప్పుడు ఒక దారి దొరికింది. మర్నాడు పొద్దున్నే ఆమె తండాకు పోయింది. సక్రి వాకిట్లో జొన్నలు చెరుగుతోంది.

"నీ కొడుకు మీద నాకు ఇంక కోపమే ఉన్నది" అంది ఓదెమ్మ నిలబడే. "నడుపనని అనాల్సిండె. గాని తాగలే. ఆ ముచ్చట నేను చెప్త."

సక్రి చేట పక్కన పెట్టి ఆమె చేతులు పట్టుకుంది.

గుడ్ ఫ్రైడే వచ్చింది. ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఆ రోజు ఏడుగురు మాట్లాడతారు. ఏటా ఒక మాట నర్సమ్మది. ఆమె చోటు ఎవరికివ్వాలని అడిగితే మనోరమ ఓదెమ్మ పేరు చెప్పింది. పాస్టర్ సంజీవ ముఖం పాలిపోయింది. "ఏమన్న అంటదేమో" అన్నాడు. "అననియ్యిన్రి" అంది ఆమె.

మిట్టమధ్యాహ్నం. రేకుల కింద ఎండ దిగబడుతోంది. తెల్లచీరల్లో ఆడవాళ్లు పేపర్లతో విసురుకుంటున్నారు. గట్టయ్య వెనక వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు. నాలుగో మాట వంతు వచ్చింది. తండ్రి తనను ఎందుకు విడిచిపెట్టాడని ప్రభువు అరిచి అడిగిన మాట. ఓదెమ్మ తలుపు పక్క నుంచి లేచి ముందుకు నడిచింది.

"నాకు మాట్లాడరాదు. మా చెల్లె మాట్లాడేది. నాకు ఒర్రుడే వచ్చు." ఆమె ఒకసారి ఆగింది. "ఆయన గూడ ఒర్రిండట. ఎందుకు ఇడిచిపెట్టినవ్ అని తండ్రినే అడిగిండట. ఆయనకు ఎవలన్న చెప్పిన్రా, దేవుని చిత్తం, ఊకో అని? ఆయననే అడిగినంక నేనడిగితే పాపమెట్లయితది? నేను రోజు అడుగుతాన. ఆయన కోపానికి రాలే. నా పక్కకే కూసున్నడు. నాకు గంత మట్టుకు తెల్సింది. అందుకే ఇంక బతికున్న."

గొంతు పెద్దదైంది.

"ఇంకో ముచ్చట. ఆయనను సావుకు అప్పజెప్పి, నాదేం తప్పులేదని చేతులు కడుక్కున్నోడు ఒకడున్నడు. అసొంటోల్లు గప్పుడే కాదు, గిప్పుడు గూడ ఉన్నరు. మా నర్సమ్మ దేవుని చిత్తానికి సావలే. ఒకని పిసినారితనానికి సచ్చింది. బాల్‌సింగ్ తాగలే. గీ చర్చిల ఉన్నోల్లల్ల తోట కాడ పిన్ను ముచ్చట ఇన్నోల్లు ఎందరున్నరో నాకు ఎర్కే. నేను టేషనుకు పోతాన. వచ్చేటోల్లు రాన్రి. రానోల్లు ప్రార్థన చేస్కోన్రి, దేవుడు మీ మొకాలు సూస్తడు."

ఆమె కూర్చోలేదు. అలాగే తలుపులోంచి బయటికి నడిచింది. ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ట్రాలీలో కాలు విరిగిన ఒకామె ముందు కర్ర పట్టుకుని లేచింది. ఆమె వెంట మరో ఇద్దరు. పాస్టర్ సంజీవ మైకు కింద పెట్టాడు. తర్వాత తన బండి తాళాలు గట్టయ్య చేతికిచ్చి, "మీ వదినెను నడువనియ్యకు, ఎండ ఉన్నది" అన్నాడు. మిగిలిన మూడు మాటలూ ఆయనే చెప్పి కూటం ముగించాడట.

గట్టయ్య ఆమెను బండి మీద పోలీస్ స్టేషన్ దాకా తీసుకుపోయాడు. లోపలికి మాత్రం రాలేదు. స్టేషన్‌లో వాళ్లు "పండుగ పూట ఏందమ్మా, రేపు రా" అన్నారు. ఓదెమ్మ కింద కూర్చుంది. మిగతా ముగ్గురూ ఆటో దిగి వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. వాళ్ల మాట రాసుకునేదాకా ఎవరూ లేవలేదు.

దాని ఫలితం త్వరగానే కనిపించింది. గట్టయ్య కౌలు పోయింది. లక్ష్మీకాంత్ చర్చి ముందు నుంచి రాతి కడీలు పాతి, తీగ లాగించి దారి మూయించాడు. ఊళ్లో ఎవరూ ఓదెమ్మను పనికి పిలవలేదు. గట్టయ్య భూపాలపల్లి దిక్కుకు కూలికి పోయాడు. పోయేటప్పుడు ఆమెతో మాట్లాడలేదు. ఆమె పక్క ఊళ్లకు నడిచి పోయి కూలి చేసుకుంది. ఆదివారం కూటం ఆమె వాకిట్లోకి మారింది. పాస్టర్ రాకుండా పోతాడని అందరూ అనుకున్నారు. వచ్చాడు. వేపచెట్టు నీడన నిలబడి, మొదటిసారి కాగితం చూడకుండా మాట్లాడాడు. ఆ రోజు ఆయన చెప్పిందంతా ఒక్కటే: పాతిపెట్టిన రోజున తను దేవుడి మీద అబద్ధం చెప్పానని.

కేసు మానుకోట కోర్టుకు వచ్చేసరికి రెండు పంటలు పోయాయి. పోలీసులకు లక్ష్మీకాంత్ పేరు కూడా చేర్చక తప్పలేదు. బాల్‌సింగ్ అప్పటికే బెయిలు మీద బయటికి వచ్చాడు. బోనులో నిలబడ్డ ఓదెమ్మను లక్ష్మీకాంత్ తరఫు వకీలు అడిగాడు.

"అతను తాగలేదని నీకెట్లా తెలుసు? నువ్వేమైనా డాక్టరువా?"

"నేను కల్లు తాగుత సారూ. తాగినోడు పక్కపొంటి నిలవడితే నాకు తెల్వదా?"

కోర్టు హాలంతా నవ్వింది. బల్ల మీద కూర్చున్న పాస్టర్ సంజీవ తల దించుకున్నాడు. ఆమె కల్లు మానేసిందని ఆయన అన్నాళ్లుగా నమ్ముతున్నాడు. ఓదెమ్మ నవ్వలేదు. పిన్ను సంగతి, తోట దగ్గరి మాటలు, కాలువలో బాల్‌సింగ్ ఎవరెవరిని లాగాడో అంతా చెప్పి దిగింది. బయట మెట్ల మీద లక్ష్మీకాంత్ ఎదురుపడ్డాడు.

"క్షమించాలని మీ మతంల చెప్తరు కద ఓదెమ్మా?"

"చెప్తరు పటేలా. తప్పు చేసిన్నని నువ్వు అనలే, నేనేం క్షమించాలె? ముందుగాల నువ్వు అను. అప్పుడు దేవుడు, నేను కూసోని మాట్లాడుకుంటం."

ఆయన అనలేదు. కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా వాయిదాకూ ఓదెమ్మ బస్సెక్కి పోతుంది, తిరిగి వస్తుంది. గట్టయ్య కిందటి క్రిస్మస్‌కు ఇంటికి వచ్చి, కొత్త చీర ఒకటి మంచం మీద పెట్టి, "వదినె, అన్నం పెట్టు" అన్నాడు. ఆమె పెట్టింది. ఈసారి కంచం మెల్లగా కింద పెట్టింది.

సక్రి అప్పుడప్పుడు ఆదివారం వచ్చి వాకిట్లో ఓ మూలన కూర్చుంటుంది. తన దేవుళ్లు తనకున్నారు. ఒకరోజు అడిగింది. "అక్కా, నాకు మీ పాటలు రావు. మీ దేవుడు నా మాట ఇంటడా?"

"ఇంటడు. జవాబు మాత్రం గంత జల్ది చెప్పడు" అంది ఓదెమ్మ. "నాకింక ఆయన మీద కోపమే. అయినా పొద్దుగాల లేస్తే ఆయనతోనే మాట్లాడబుద్ధయితది. ఏం చేయాలె మరి?"

అంతలో పాస్టర్ పాట ఎత్తుకున్నాడు. ఎవరికీ రాగం అందలేదు. ఓదెమ్మ తన గరుకు గొంతుతో, పదాలు సగం తప్పుగా, అందరికంటే గట్టిగా పాడటం మొదలుపెట్టింది.